లోడు లేని వేళ లాజరు

లాజరు కుదురుగా కూర్చున్నాడని చెబితే గుణదలలో ఆ వీధి వాళ్లెవరూ నమ్మరు. రిటైరై రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో నీళ్ల మోటారుని మూడుసార్లు విప్పి బిగించాడు. మేడ మీద ట్యాంకుకి పెయింటుతో కొలత గీతలు గీశాడు. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ హోరు మారిందని లైన్‌మన్‌కి ఫోన్ చేసి రప్పించాడు. హోరు మారిన మాట నిజమే. అయినా ఆ లైన్‌మన్ అప్పటినుంచి లాజరు ఇంటి ముందు నుంచి వెళ్లడం మానేసి పక్క సందులోంచి వెళ్తున్నాడు.

ముప్ఫై నాలుగేళ్లు ఆయన ఇబ్రహీంపట్నం థర్మల్‌లో కంట్రోల్ రూమ్ ఆపరేటర్. గంట గంటకీ మీటర్లు చూసి లాగ్ పుస్తకంలో రాయడం ఉద్యోగం. ఆవిరి ఒత్తిడి ఎంత, బేరింగ్ వేడి ఎంత, కృష్ణలోంచి వచ్చే నీటి వేడి ఎంత. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆ అలవాటు వదల్లేదు. రిటైరైన మర్నాడే ఒక పొడవాటి రూళ్ల పుస్తకం కొని, ఇంట్లో ఉన్న యంత్రాలన్నిటికీ గడులు గీశాడు. ఫ్రిజ్, మోటారు, ఇన్వర్టర్, చివరి గడిలో తన బీపీ. బీపీ రోజుకి ఆరుసార్లు చూసుకునేవాడు. చూసుకున్నకొద్దీ అది పెరిగేది. భార్య శౌరమ్మ విసిగిపోయి ఆ మిషన్‌ని బియ్యం డబ్బాలో దాచేసింది. ఎక్కడ దాచిందో ఆయనకి తెలుసు. తెలిసినట్టు ఆమెకి తెలియదు.

అలాంటి మనిషి ఇంట్లోకి ఏప్రిల్ నెలాఖరున ఒక పాత కంప్యూటర్ వచ్చింది.

అది కూతురు దీవెనది. ఆరేళ్లు ఒక చిన్న బడిలో తెలుగు చెప్పింది. ఆ బడి మూతపడింది. ఇప్పుడు చూపులేని విద్యార్థుల కోసం డిగ్రీ పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసే పని దొరికింది. ఒక సేవాసంస్థ చేయిస్తోంది. ఆ పని చూసే రమాసుందరి గారు మొదటే చెప్పారు: రాజనీతి శాస్త్రం పుస్తకం ఏడు పాఠాలూ శుభ్రంగా వస్తే దీవెనని ఖాయంగా తీసుకుంటారు. పరీక్షలు జూన్‌లో. మైలవరంలో జెస్సికా అని రెండో ఏడు చదివే పిల్ల ప్రతి పాఠాన్నీ అందరికంటే ముందు విని, బాగుందో లేదో చెబుతుంది. ఆ పిల్లకి పుట్టుకతోనే చూపు లేదు. ఆమె చెవిని దాటి ఏ చప్పుడూ పోదు.

రికార్డింగు అంటే ఇంట్లో పెద్ద తతంగం. నడిమి గదిలో కిటికీలకి, తలుపులకి బొంతలు కట్టాలి. సీలింగ్ ఫ్యాను ఆపాలి. పొద్దున్న చర్చి మైకు, కూరల బళ్లు, సాయంత్రం పిల్లల క్రికెట్, మధ్యలో రైళ్లు. మిగిలింది మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి మూడు దాకా. ఎండకి వీధంతా తలుపులు బిగించుకుని పడుకునే వేళ. ఆ ఉక్కలో దీవెన చెమటలు కక్కుతూ చదివేది. మొదటి పాఠం చక్కగా వచ్చింది. జెస్సికా వాయిస్ మెసేజీ పెట్టింది: "అక్కా, మీరు నా పక్కనే కూర్చుని చెప్పినట్టుంది."

ఆ మెసేజీని దీవెన తల్లికి నాలుగుసార్లు వినిపించింది. లాజరు కూడా విన్నాడు. సంతోషించాడు. సంతోషించి ఊరుకుంటే ఈ కథే లేదు.

మర్నాడు దీవెన బజారుకి వెళ్లినప్పుడు ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అమ్మిన కుర్రాడు జాన్సన్ అందులో ఒక చిన్న ప్రోగ్రామ్ వేసి పెట్టాడు. లోపలి ప్రాసెసర్ ఎంత వేడిగా ఉంది, ఎంత వేగంతో నడుస్తోంది, ఫ్యాను ఎన్ని చుట్లు తిరుగుతోంది, అన్నీ తెర మీద అంకెల్లో కనిపిస్తాయి. ఇంట్లో ఒక కంట్రోల్ రూమ్ దొరికినట్టయింది లాజరుకి. కళ్లజోడు తుడుచుకుని దగ్గరికి జరిగాడు. రూళ్ల పుస్తకంలో దానికీ గడులు గీసి, కనిపించిన అంకెలు రాసుకున్నాడు.

వేగం గడిలో హెర్ట్జ్ అన్న మాట ఉంది. ఆ మాట ఆయనకి బంధువు లాంటిది. కరెంటుకి అది యాభై దగ్గర ఉండాలి. ముల్లు నలభై తొమ్మిదిన్నరకి వచ్చిందంటే కుర్చీలోంచి లేవాలి. ఇంకా జారిందంటే ఎక్కడో ఒకచోట ఊళ్లకి ఊళ్లు దీపాలు ఆర్పుకోవాల్సిందే. లోడు, అంటే ఊళ్ల కరెంటు వాడకం, ఉన్నా లేకపోయినా టర్బైన్ తిరగాల్సింది నిమిషానికి మూడువేల చుట్లు. తగ్గడం అన్న మాట ఆయన ఒంటికి పడదు.

ఇక్కడ చూస్తే వేగం నాలుగు వేల మెగాహెర్ట్జ్ నుంచి రెండు వేలకి, అక్కణ్ణించి ఎనిమిది వందలకి జారింది. ఎనిమిది వందల దగ్గరే పడి ఉంది. మౌస్ కదిపితే ఎగిరి పైకి వెళ్లింది. చెయ్యి తీస్తే మళ్లీ కిందకి జారింది.  దిక్కుమాలిన మిషన్ని అంటగట్టాడు జాన్సన్, పిల్ల పాఠం మధ్యలో ఉండగా ఇది ఆగిపోతే ఏం గతి అనుకున్నాడు.

గంటసేపు సెట్టింగులన్నీ గాలించాడు. పట్టుదల గల మనిషి, దొరికించుకున్నాడు. ప్రాసెసర్ కనిష్ఠ వేగం నూటికి అయిదు అని ఉంది. దాన్ని నూరు చేశాడు. అంకె నాలుగువేల రెండొందల దగ్గర రాయిలా నిలబడింది. అమ్మయ్య అనుకున్నాడు. అంతటితో ఆగలేదు. ముఖ్యమైన ఏ లెక్కకైనా రెండు మీటర్లు ఉండాలి, ఆ రెండూ తేడా చెబితే తేల్చడానికి మూడోది ఉండాలి అన్నది ఆయన పాటించిన నియమం. అలాంటివే మరో రెండు ప్రోగ్రాములు వెతికి వేశాడు. మూడూ అరసెకనుకి ఒకసారి చూసి చెప్పేలా పెట్టి, ఎవరికీ అడ్డం రాకుండా తెర కింద అంచుకి తోసి, మూయకుండా వదిలాడు. రూళ్ల పుస్తకంలో రాసి సంతకం పెట్టాడు. దీవెన బజారు నుంచి వచ్చాక చెప్పాలని తోచలేదు. వదులైన మరమేకుని బిగించినవాడు ఇంట్లో వాళ్లందరికీ చెప్పుకుంటాడా.

రెండో పాఠం తిరిగొచ్చింది.

జెస్సికా మొహమాటపడుతూనే చెప్పింది. "అక్కా, మీ వెనకాల ఎవరో విసనకర్రతో విసురుతున్నట్టుంది. పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. మేం చెవులతోనే చదవాలి కదక్కా. పాఠం వదిలేసి నా మనసు దాని వెంట పోతోంది."

దీవెన మళ్లీ చదివింది. మళ్లీ తిరిగొచ్చింది. కంప్యూటర్ పెట్టె లోపలి ఫ్యాను స్స్ అంటూ మొదలై, హోరుగా లేచి, కాసేపు తగ్గి, ఊపిరి పీల్చుకుని మళ్లీ లేస్తోంది. కుదురుగా ఒకే రకంగా మోగితే ఎలాగో తీసేయొచ్చునట. ఇలా ఎక్కిదిగే చప్పుడుని తీస్తే మాట కూడా తెగిపోతోంది.

"ఏవండీ, పిల్ల నోరు తెరిస్తే ఆ డబ్బా కూడా నోరు తెరుస్తోంది. అదేంటో చూడకూడదా?" అంది శౌరమ్మ.

చూడకూడదా అని ఆయన్ని అడగాలా. నిజం చెప్పాలంటే లాజరుకి లోలోపల పండగలా ఉంది. రెండేళ్ల తర్వాత ఒక యంత్రం ఆయన్ని పిలిచింది. బారెడు స్క్రూడ్రైవర్ తెచ్చి, మొన పెట్టెకి ఆనించి, పిడి చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. థర్మల్‌లో పెద్ద పెద్ద బేరింగుల జబ్బు అలాగే పట్టుకునేవాడు.

"బేరింగ్ బాగానే ఉంది. ఫ్యానుది తప్పు కాదు. లోపల వేడెక్కుతోంది, అది పాపం తిరుగుతోంది," అన్నాడు.

వేడి చూస్తే ఏ పనీ లేనప్పుడు కూడా అరవై నాలుగు డిగ్రీలు. దీవెన ఫోన్‌లో వెతికి, "ఖాళీగా ఉంటే ముప్ఫై రెండు ఉండాలట నాన్నా," అంది దిగులుగా.

"ఎవడమ్మా వాడు? మన గదిలోనే ముప్ఫై ఎనిమిది ఉంది. గదికన్నా చల్లగా పెట్టె ఎలా ఉంటుంది? మే నెలలో మాకు కృష్ణ నీళ్లే కాగిపోయి వచ్చేవి. నలభై ఎనిమిది, యాభై అంటే ఒప్పుకుంటాను. అరవై నాలుగు మాత్రం ఎక్కువే."

ఆ మాట అక్షరాలా సరైనదే. లెక్కలో ఆయన ఎప్పుడూ తప్పలేదు.

జాన్సన్‌ని పిలిపించారు. అతను పెట్టె విప్పి దుమ్ము ఊదాడు. ప్రాసెసర్ మీద వేడిని లాగడానికి రాసి ఎండిపోయిన పేస్టు తుడిచి కొత్తది రాశాడు. వేడి రెండు డిగ్రీలు దిగింది. ఈలోగా అతనికి ఫోన్ మీద ఫోన్. ఒక చెవిలో ఎవరితోనో మాట్లాడుతూనే, "సెట్టింగులేమైనా మార్చారాండీ?" అని అడిగాడు.

"నేనేం పాడుచేయలేదయ్యా," అన్నాడు లాజరు. మనస్ఫూర్తిగానే అన్నాడు. జాన్సన్ ఫోన్ మాట్లాడుతూనే బండెక్కి వెళ్లిపోయాడు.

తర్వాత రోజులు ఎలా గడిచాయో ఆ ఇంటికే తెలియాలి. లాజరు నిలవలేకపోయాడు. పెట్టెని మంచం కింద పెడితే ఇంకా వేడెక్కింది. తడిగుడ్డ కప్పబోతే శౌరమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. వంటింట్లో పెట్టి పొడవాటి వైర్లు లాగితే మైకులో కరెంటు గుయ్‌మని పలికింది. పావుగంటకోసారి మూడు మీటర్లూ తెరిచి వేడి చూడటం, రాయడం, లేవడం, నడవడం, మళ్లీ వచ్చి చూడటం. అన్నం ముందు కూర్చున్నా చెవి నడిమి గదిలోనే ఉండేది. దీవెన మాట్లాడటం తగ్గించింది. బొంతల మధ్య ఒక్కతే కూర్చుని తన గొంతునే మళ్లీ మళ్లీ వినేది. చదివే తీరులోనే ఏదో లోపం ఉందేమో, అది చెప్పలేక ఫ్యాను మీద పెడుతున్నారేమో అని ఒకరోజు తల్లితో అంది. గోడ అవతల నుంచి లాజరు ఆ మాట విన్నాడు. అరవై ఏళ్ల మనిషికి ఏడుపొచ్చినంత పనైంది.

బుధవారం రమాసుందరి గారు ఫోన్ చేశారు. "నీ గొంతు నాకెంతో ఇష్టమమ్మా. కానీ పరీక్షలు దగ్గరికొచ్చేశాయి. శుక్రవారంలోగా రెండో పాఠం శుభ్రంగా రాకపోతే పుస్తకం వేరేవాళ్లకి ఇవ్వక తప్పదు. తప్పుగా అనుకోకు."

గురువారం మధ్యాహ్నం జెస్సికా ఫోన్ చేసింది. స్పీకర్‌లో ఆమె గొంతు ఇల్లంతా వినిపించింది. "అక్కా, మొదటి పాఠం మళ్లీ వింటున్నా. అందులో ఒక్క చప్పుడు లేదు. అది వేరే మిషన్ మీద చేశారా?"

"కాదు జెస్సీ. ఇదే మిషన్. ఇదే గది. ఇదే టైము," అంది దీవెన.

వరండాలో నడుస్తున్న లాజరు టక్కున ఆగాడు. యంత్రం నిన్న బాగుండి ఇవాళ బాగోలేకపోతే యంత్రాన్ని విప్పడం రెండో పని. మొదటి పని లాగ్ పుస్తకాన్ని వెనక్కి తిప్పడం. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఎవరో ఏదో చేసి ఉంటారు. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆయన చెప్పిన మొదటి పాఠమే అది. ఇన్ని రోజులుగా ఆ పుస్తకంలో రాస్తూనే ఉన్నాడు గానీ ఒక్కసారి కూడా వెనక్కి తిప్పలేదు.

తిప్పాడు. తన చేతిరాతే. "కనిష్ఠ వేగం 5 ఉన్నది. 100కి మార్చాను. వేగం స్థిరముగా ఉన్నది. అదనంగా రెండు మీటర్లు పెట్టాను. లాజరు." ఆ తేదీ మొదటి పాఠం అయిన మర్నాటిది. రెండో పాఠం దాని తర్వాతది. గదిలో వేడి గడిలో ముప్ఫై ఎనిమిది అలాగే ఉంది. ప్రాసెసర్ వేడి గడిలో మాత్రం మార్చకముందు నలభై తొమ్మిది, ఆ తర్వాత నుంచి అరవై పైన.

లాజరు అరుగు మీద కూలబడ్డాడు.

ఒక ఆలోచన వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పడం ఎందుకు. దీవెన స్నానానికి వెళ్లినప్పుడు ఆ నూరుని మళ్లీ అయిదు చేసేస్తే చాలు. ఆ ప్రోగ్రాములు తీసేస్తే చాలు. ఆ జాన్సన్ రాసిన పేస్టు ఇప్పటికి పనిచేసిందమ్మా అనేస్తే ఇంట్లో అందరూ సంతోషిస్తారు. పుస్తకంలో ఆ పేజీ ఎవరూ చూడరు. అప్పటికే లేచి రెండడుగులు వేశాడు కూడా.

తప్పు హ్యాండిల్ తిప్పినవాడు ఆ షిఫ్టు దిగేలోగా తన చేత్తో, తన పేరుతో రాయాలి. అది ఆయన ఎందరికో నేర్పిన మాట. ముప్ఫై నాలుగేళ్లలో తను అలాంటి వాక్యం రాయాల్సిన అవసరం రాలేదని కొంచెం గర్వం కూడా ఉండేది.

నడిమి గదిలో దీవెన ఫోన్ మీదికి వంగి రమాసుందరి గారికి ఏదో టైపు చేస్తోంది.

"ఆ మెసేజీ పంపకమ్మా," అన్నాడు గుమ్మంలోంచి.

"ఇంక నావల్ల కాదు నాన్నా. వేరేవాళ్లకే ఇవ్వమంటాను. జెస్సికా అయినా పరీక్ష రాసుకుంటుంది."

"నీది కాదు తప్పు. మిషన్‌దీ కాదు. నాది." పుస్తకం ఆమె ముందు పెట్టి, ఆ వరస మీద వేలు ఉంచాడు. 

దీవెన చదివింది. తేదీ చూసింది. మళ్లీ చదివింది. "పదకొండు రోజులు నాన్నా."

"ఊఁ."

"జాన్సన్ అడిగాడు కదా, ఏమైనా మార్చారా అని."

"మార్చాననుకోలేదమ్మా. సరిచేశాననుకున్నాను."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లి, గ్లాసుడు నీళ్లు నిలబడే తాగి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నా గొంతు బాగోలేదేమో అనుకున్నాను. నాకీ పని రాదేమో అనుకున్నాను. ముట్టుకున్నానని ఒక్క మాట చెప్పాలనిపించలేదా మీకు?"

లాజరు పుస్తకం మూయబోయి, మళ్లీ తెరిచే ఉంచాడు.  శౌరమ్మ తలుపు దగ్గరికి వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి వెనక్కి వెళ్లింది.

"అసలెందుకు మార్చారు?" అంది దీవెన.

"పడిపోతోందమ్మా. ఏమీ చేయకుండా ఉంటే ఎనిమిది వందలకి పడిపోతోంది. నాకు భయమేసింది."

దీవెనకి కోపం పోలేదు గానీ గొంతు తగ్గింది. "పడిపోవట్లేదు నాన్నా. పని లేదని నెమ్మదించింది. నేను తాకానంటే రెప్పపాటులో లేస్తుంది. ఇది కరెంటు తయారుచేయట్లేదు. దీన్ని నమ్ముకుని ఎవరి దీపాలూ వెలగట్లేదు."

"ఊరికే ఉన్నప్పుడు నెమ్మదిస్తే దానికేం కాదా?"

"దానికి అదే మంచిది."

సెట్టింగు ఆయన చేతనే మార్పించింది. నూరు చెరిపి అయిదు కొట్టాడు. అంకె జారడం మొదలైంది. నాలుగు వేలు. రెండు వేలు. లాజరు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. ఎనిమిది వందలు. లేచి నిలబడకుండా ఉండటానికి ఒళ్లంతా బిగబట్టాడు. ఏమీ కాలేదు. తెర వెలుగుతూనే ఉంది. కానీ ఉండుండి అంకె పైకి ఎగురుతూనే ఉంది, ఫ్యాను లేస్తూనే ఉంది.

"తెర కింద మీ మీటర్ల కిటికీలు మూడూ మూసేయండి నాన్నా. అరసెకనుకోసారి నీకెంత వేడుందీ, నీకెంత వేడుందీ అని మూడూ కలిసి అడుగుతుంటే దాన్నింక పడుకోనిచ్చేదెవరు?"

"మూసేస్తే లోపల ఏమవుతోందో ఎలా తెలుస్తుందమ్మా?"

"చెవి ఉంది కదా మీకు."

ఒక కిటికీ మూశాడు. రెండోది మూశాడు. మూడో దాని మీద చెయ్యి నిలిచిపోయింది. దీవెన తొందరపెట్టలేదు. చివరికి అదీ మూసి, స్క్రూడ్రైవర్ తెచ్చుకుని పెట్టెకి చెవి ఆనించాడు. హోరు కొద్దికొద్దిగా తగ్గింది. ఇంకాస్త తగ్గింది. పిడి తీసేసి ఉత్త చెవితో వింటే గోడ గడియారం చప్పుడు వినిపించింది. అది ఇన్ని రోజులుగా మోగుతూనే ఉందన్న సంగతి ఇంట్లో అందరూ మర్చిపోయారు. శౌరమ్మ వచ్చి దాన్ని గోడ మీంచి దించి పట్టుకెళ్లింది.

శుక్రవారం ఒంటిగంటన్నరకి బొంతలు కట్టారు. లాజరు గదిలో ఉండటానికి లేదు. ఆయన ఊపిరి మైకులో పడుతుంది. తలుపు బయట ప్లాస్టిక్ కుర్చీ వేసుకున్నాడు. పుస్తకం ఒళ్లో ఉంది. రాయడానికి ఏమీ లేదు. నలభై నిమిషాలు. లోపల దీవెన గొంతు గ్రామసభ గురించి, వార్డు సభ్యుల గురించి సాగుతోంది. లోపల వేడి ఎంతుందో తెలియదు. వేగం ఎంతుందో తెలియదు.  కాలు దానంతటది ఊగబోతే చేత్తో నొక్కి పట్టుకున్నాడు. ఒకసారి ఉండబట్టలేక నడుము కాస్త కదిపాడు, కుర్చీ కిర్రుమంది. బిగుసుకుపోయాడు. లోపల గొంతు ఆగలేదు.

సాయంత్రం జెస్సికా మెసేజీ వచ్చింది. ముగ్గురూ ఫోన్ చుట్టూ చేరారు. "అక్కా, ఆ విసనకర్ర గాలి పోయింది. మళ్లీ నా పక్కనే కూర్చున్నారు మీరు. పన్నెండో నిమిషంలో తలుపు అవతల ఎవరో కుర్చీలో కదిలారు. దాన్ని తీసేయకండి. ఎవరో మనకోసం కూర్చున్నట్టుంది, బాగుంది. రమాసుందరి మేడమ్ కూడా సరేనన్నారు, మూడో పాఠం ఎప్పుడు అక్కా?"

దీవెన తండ్రి వైపు చూసింది.  ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

అందరూ లేచాక లాజరు రూళ్ల పుస్తకం తెరిచాడు. లాగ్ పుస్తకంలో గడి ఖాళీగా వదలకూడదు. రీడింగు తీయకపోతే గీత గీసి కారణం రాయాలి. ముందు పాత వరస కింద, కనిష్ఠ వేగం తనే తప్పుగా మార్చినట్టు, అందువల్ల పదకొండు రోజుల పని పాడైనట్టు రాసి సంతకం పెట్టాడు. తర్వాత ఇవాళ్టి తేదీ వేశాడు. వేగం గడిలో గీత గీశాడు. వేడి గడిలో గీత గీశాడు. ఫ్యాను గడిలో గీశాడు. చివర బీపీ గడి దగ్గర కాసేపు ఆగి, బియ్యం డబ్బా ఉన్న వైపు చూసి, అక్కడా గీత గీశాడు.

కారణం అన్నచోట రాశాడు: "రీడింగులు తీయలేదు. అవసరం లేకపోయింది."